తువ్వాలు వేసిన చోటు

రూల్సమ్మ అసలు పేరు ఆ ఊళ్ళో చాలామందికి తెలియదు. తెలిసినవాళ్ళు కూడా మర్చిపోయారు. కోర్టులో బెంచి క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. ఊరి సమాధుల తోటకి ఉన్న అయిదుగురు ధర్మకర్తల్లో ఒకరు, పైగా కార్యదర్శి. దారిలో ఎవరైనా ఎదురొచ్చి ఎలా ఉన్నారమ్మా అని అడిగితే, రూలు ప్రకారం ఉన్నానని జవాబు చెబుతుందని బేకరీ ఆయన ఊరంతా చాటాడు. అది ఉత్త అబద్ధం. ఒక్కసారే అంది.

ఆ తోట సంగతి ముందు కాస్త చెప్పుకోవాలి. ఎప్పుడో పాతకాలంలో ఆ ఊళ్ళో గుర్రబ్బండ్లు తిప్పిన ఒకాయన, పిల్లాజెల్లా లేనివాడు, పోతూ పోతూ తన గుర్రాలు మేసే మైదానాన్ని ఊరి జనానికి రాసిచ్చాడు. ఎవరు పోయినా, మేడలున్నవాళ్ళయినా ఇల్లే లేనివాళ్ళయినా, పైసా అడక్కుండా పడుకోవడానికి చోటివ్వాలన్నాడు. దానికి ఒక ట్రస్టు, ఒక పత్రం, అయిదుగురు ధర్మకర్తలు. పత్రం రాసిన ఆ కాలపు ప్లీడరు ఎంత పెద్ద మాటలు వాడినా, ఒక్క షరతు మాత్రం తన బండి భాషలోనే ఉండాలని బండాయన పట్టుబట్టాడట. నా బండిలో ముందొచ్చినవాడికి ముందు సీటు, తువ్వాలు వేసి సీటు ఆపుకోవడం ఒప్పుకోను, ఇక్కడా అంతే, అని. అంటే వరసలో తర్వాతి చోటు తర్వాత పోయినవాళ్ళది. ధర్మకర్తలకైనా సరే, వాళ్ళ చుట్టాలకైనా సరే, అదే లెక్క.

ఈ షరతు వల్ల ఆ తోటలో చిత్రమైన ఇరుగుపొరుగులు తయారయ్యారు. వయొలిన్ మేష్టారి పక్కన, ఆ వయొలిన్ మోత భరించలేక పోలీసులకి ఫిర్యాదు చేసిన పక్కింటాయనే వచ్చి పడ్డాడు. బతికినన్నాళ్ళూ మొహమొహాలు చూసుకోని అన్నదమ్ములిద్దరూ ఒకే వారంలో పోయి భుజం భుజం ఆనించుకుని పడుకున్నారు. రూల్సమ్మకి ఆ షరతంటే ప్రాణం. ఊళ్ళో ఎక్కడ చూసినా సిఫార్సే కదా, ఈ ఒక్క చోటైనా అది చెల్లదు, అని చెప్పుకుని మురిసిపోయేది. ఒక పెద్దమనిషి వాళ్ళ అమ్మగారికి గేటు దగ్గర చోటు కావాలని ముగ్గురి చేత ఫోన్లు చేయిస్తే, మీ అమ్మగారు ఓపిగ్గా వరసలో వచ్చారు, మీకే ఆగడం రావట్లేదు అని ఫోను పెట్టేసింది.

ఆవిడ భర్త లైబ్రరీలో పనిచేశాడు. ఉద్యోగమంతా నిశ్శబ్దంగా ఉండమనే బోర్డు కింద కూర్చున్నందుకో ఏమో, ఇంట్లో కూడా మాట తక్కువ. అయితే మనిషి మాటలో ఎంత పొదుపో చోటు విషయంలో అంత దుబారా. బెంచీ మీద కూర్చుంటే కాళ్ళు బారచాపి, చేతులు రెండుపక్కలా పరిచి, ముగ్గురి చోటు తనొక్కడే ఆక్రమించేవాడు. మంచం సంగతి చెప్పనే అక్కర్లేదు. కాస్త జరగండి, కాస్త జరగండి అని అనీ అనీ ఆవిడకి కాపురమంతా గడిచిపోయింది. ఆయన పాపం అన్నప్పుడల్లా జరిగేవాడు. కాసేపటికి మళ్ళీ మామూలే.

ఆయన పోయినప్పుడు వరసలో వెనక గోడ దగ్గర, కుళాయి పక్కన చోటు వచ్చింది. మంచి చోటే. కొన్నాళ్ళకి ఆ పక్క చోటు తవ్వాల్సి వచ్చింది. తవ్వే మనిషిని ఊరంతా గునపం బాబాయి అంటారు. ఆయన వచ్చి అక్కడ బండ తగిలిందనీ, పార దిగడం లేదనీ చెప్పాడు. అలాంటప్పుడు ధర్మకర్తలు వెళ్ళి చూసి, ఆ చోటు పనికిరాదని తీర్మానం చేసి, వరసలో ముందుకు జరగాలి. అదీ పద్ధతి. రూల్సమ్మ అప్పటికింకా ఇల్లు కదలడం లేదు. మిగతా నలుగురే వెళ్ళి చూసి, తీర్మానం రాసుకొచ్చి ఆవిడ ముందు పెట్టారు. కామా తప్పుంటే కాగితం వెనక్కి పంపే మనిషి, ఆ రోజు చదవకుండానే సంతకం పెట్టేసింది.

అలా ఆ చోటు గడ్డి మొలిచి ఖాళీగా ఉండిపోయింది. ఇల్లు కదలగలిగిన దగ్గర్నుంచీ ఆవిడ రోజూ పొద్దున్నే మడతకుర్చీ పట్టుకెళ్ళి, కింద ఉన్నది బండేగా అని అక్కడ వేసుకుని, ఆయనకి ఊరి సంగతులు చెప్పేది. ఎవరింట్లో పెళ్ళి కుదిరింది, మీటింగులో బేకరీ ఆయన ఎంత సేపు విసిగించాడు, ఇలాంటివన్నీ. తను ఎప్పటికీ ఆ పక్కన పడుకోబోనని ఆవిడకి తెలుసు. తనెప్పుడు పోతే అప్పుడు, ఏ మూల వస్తే ఆ మూల. కూర్చోవడానికైతే చోటు దొరికింది కదా, ఇంకేం కావాలి అనుకునేది. నిజంగానే హాయిగా ఉండేది ఆవిడకి. ఏడుపుమొహం పెట్టుకుని తిరిగే రకం కాదు.

ఇలా ఉండగా, రాత్రంతా వాన కొట్టి వెలిసిన ఒక పొద్దున, ఆయన సమాధి మీద మొలిచిన కలుపు పీకుదామని వంగి, చేతిలోని గొడుగు అడ్డమొస్తోందని పక్కన నేలకి ఆనించింది. ఆనించడమేమిటి, గొడుగు వెన్నలో కత్తిలా సగానికి దిగిపోయింది.

ఆవిడ గొడుగు వంక చూసింది. పైకి లాగి, జానెడు అవతల గుచ్చింది. అక్కడా దిగింది. ఇంకోచోట గుచ్చింది. చోటంతా కలియదిరిగి గొడుగుతో పొడిచి పొడిచి చూసింది. బండ కాదు కదా, గులకరాయి కూడా తగల్లేదు.

గునపం బాబాయిని పిలిచింది. ఆయన వచ్చి, నేలలో నిలబడ్డ గొడుగు చూసి, చేతులు వెనక్కి పెట్టుకున్నాడు. బండ ఏమైందని ఆవిడ అడిగితే, వానలకి లోపలికి దిగిపోయిందేమోనమ్మా అన్నాడు.

"బండలకి కాళ్ళొచ్చాయా బాబాయ్?"

ఆయనకి అబద్ధం ఒక్కసారి చెప్పడమే అలవాటు, రెండోసారి చేతకాదు. ధర్మకర్తలు నలుగురూ చెప్పమంటే చెప్పానన్నాడు. ఆ చోటు మీకోసమే ఆపారమ్మా, మీకు తెలిస్తే ఒప్పుకోరని బండ పేరు పెట్టారు, మీరు పోయాక తవ్వితే బండ చిన్నదే అని తేలుతుంది, అప్పుడింక మీరు తీర్మానాలు తిరగేయడానికి ఉండరు కదా అని బేకరీ ఆయన అన్నారు, అని దాచకుండా కక్కేశాడు.

ఆవిడకి ఒళ్ళు మండిపోయింది. తువ్వాలు వేశారన్నమాట. ఊరందరినీ వరసలో నిలబెట్టి, తన సీటు మీద దొంగచాటుగా తువ్వాలు వేయించుకున్న మనిషైంది తను. గొడుగు పీక్కుని, బురద కూడా దులపకుండా ఇంటికొచ్చి, నలుగురినీ ఎలా కడిగిపారేయాలో మనసులో వరసపెట్టి పాఠం తయారు చేసుకుంది. టీ పెట్టుకుంది. తాగడం మర్చిపోయింది.

టీ చల్లారాక కోపం కూడా చల్లారింది. చల్లారాక కింద ఏముందో ఆవిడకే కనబడింది. ఆ చోటు ఆవిడకి కావాలి. బండ అనుకున్నన్నాళ్ళూ ఆశే పుట్టలేదు కాబట్టి ఆశ లేని మనిషిలా ఉంది. ఇప్పుడు మెత్తటి మట్టి అని తెలిసేసరికి, ఇన్నాళ్ళు ఒక మంచం మీద పడుకున్న మనిషి పక్కన కాక మరెక్కడో, ఏ వయొలిన్ మేష్టారి పక్కనో పడుకోవడం తలుచుకోవడానికే మనసొప్పలేదు. కావాలి, నాకు కావాలి, అని ఖాళీ వంటింట్లో పైకే అనేసి, తన గొంతుకి తనే ఉలిక్కిపడింది.

సరిగ్గా అప్పుడే తలుపు కొట్టారు. చూస్తే లాండ్రీ ఆయన. పొద్దున్నే వాళ్ళమ్మ పోయిందని చెప్పి, గుమ్మంలోనే నిలబడిపోయాడు.

లాండ్రీ మామ్మంటే ఊళ్ళో తెలియనివాళ్ళు లేరు. కొట్టు కౌంటరు వెనక ఎత్తు కుర్చీలో కూర్చుని, బట్టలు తీసుకోవడానికి వచ్చినవాళ్ళని వదిలేది కాదు. ఎంతటి వాగుడుకాయకైనా ఆవిడ ముందు నోట మాట వచ్చేది కాదు. రూల్సమ్మ భర్త మాత్రం కౌంటరుకి చేరగిలబడి ఎంతసేపైనా వినేవాడు. చొక్కాలు తెస్తానని వెళ్ళిన మనిషి చొక్కాలు నేయించుకుని వస్తున్నాడా అని రూల్సమ్మ గేటు దగ్గర నిలబడి రుసరుసలాడేది. ఇంట్లో నాలుగు మాటలకి ఒక మాట జవాబిచ్చే మనిషి అక్కడ పకపకా నవ్వుతాడని తెలిసి కాస్త ఉడుక్కునేది కూడా.

లాండ్రీ ఆయన రావడానికి కారణం ఉంది. తోటలో చోట్లు ఈమధ్యే నిండిపోయాయి. గోడ అవతల మిగిలిన మేత భూమిని కలుపుకోవాలంటే రిజిస్ట్రారు ఆఫీసు నుంచి అనుమతి రావాలి. ఆ కాగితం వచ్చేదాకా పోయినవాళ్ళని పక్క ఊరికి తీసుకెళ్ళాల్సిందే. అది ఆయనకీ తెలుసు. అయినా అడిగి చూద్దామని వచ్చాడు.

"రూలు తప్పమని అడగనమ్మా," అన్నాడు. "దగ్గర్లో ఉంటే రోజూ కొట్టు తీసేముందు ఒకసారి పలకరించి వద్దామనుకున్నా. అమ్మకి మాట్లాడేవాళ్ళు లేకపోతే తోచదు."

చోటు లేదని ఒక్క మాట చెబితే అయిపోయేది. అబద్ధం కూడా కాదు, పుస్తకంలో బండ అనే ఉంది, అయిదు సంతకాలతో. ఆయన తలూపి, పాపం, పక్క ఊరికి బండి మాట్లాడుకోవడానికి వెళ్ళిపోయేవాడు. రూల్సమ్మ ఆ మాట నోటిదాకా తెచ్చుకుంది. తెచ్చుకుని, మింగింది. ఆయన్ని కూర్చోబెట్టి వేడిగా టీ ఇచ్చి, మధ్యాహ్నంలోగా చెబుతాను, అందాకా బండి మాట్లాడకండి, అని పంపించింది.

తోట గేటు పక్క గదిలోనే మీటింగులు జరుగుతాయి. ఒక బల్ల, చుట్టూ ఒకదానికొకటి పొంతన లేని కుర్చీలు, మూలన పారలు, తిరిగితే కిర్రుమనే ఫ్యాను. కబురందగానే అందరూ వచ్చారు. అధ్యక్షుడు ప్లీడరుగారు, ఆయన రూల్సమ్మ భర్తకి చిన్ననాటి స్నేహితుడు. అందరికంటే చిన్నది పళ్ళ డాక్టరమ్మ. బిస్కెట్ల పొట్లంతో బేకరీ ఆయన, ఆయన వట్టి చేతుల్తో ఏ మీటింగుకీ రాడు, వచ్చి ఊరికే కూర్చోడు. అయిదో ఆయన మోకాలి ఆపరేషనుకని కూతురి దగ్గరికి వెళ్ళాడు.

రూల్సమ్మ కూర్చోలేదు. బురద గొడుగుని బల్ల మీద అడ్డంగా పెట్టింది. ముగ్గురూ గొడుగు వంక చూసి, తర్వాత ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. పొద్దున తయారు చేసుకున్న పాఠంలో సగం కూడా అప్పజెప్పలేదు ఆవిడ. బండ తీర్మానం తప్పుడు తీర్మానం, అది రద్దు చేయాలి, ఆ చోటు ఎవరికి చెందాలో ఇవాళే తేల్చాలి, ఊళ్ళో ఒకరు పోయి ఉన్నారు, అంది. ఇందులో తనకి స్వార్థం ఉంది కాబట్టి రూలు ప్రకారం తను బయటికి వెళ్ళిపోవాలంది. చెప్పి, తలుపు దాకా వెళ్ళింది కూడా.

అప్పుడు బేకరీ ఆయన బిస్కెట్టు కొరుకుతూ, కోరం మాటేమిటి అక్కయ్యగారూ అన్నాడు. మీటింగు చెల్లాలంటే నలుగురుండాలి. ఆవిడ వెళ్తే ముగ్గురే. మరి ఇలాంటప్పుడు ఏం చేయాలో కూడా ఒక రూలుంది. ఎవరికి స్వార్థం ఉందో ఆ మనిషి కోరానికి కూర్చోవచ్చు, కానీ నోరు విప్పకూడదు, చెయ్యి ఎత్తకూడదు. ఆ రూలు పెట్టించింది ఎవరనుకున్నారు? రూల్సమ్మే. ప్రహరీకి సున్నం వేసే పని తన బావమరిదికి ఇప్పించాలని బేకరీ ఆయన ఒకసారి టీ చల్లారిపోయేదాకా ఉపన్యాసం దంచితే, ఒళ్ళుమండి పెట్టించింది.

ఆవిడ వెనక్కొచ్చి కూర్చుంది. పెదాలు బిగించింది. బేకరీ ఆయన మొహం పండగలా వెలిగిపోయింది.

మామూలుగా మీటింగు సంగతులు రాసేది కార్యదర్శి. ఇవాళ ఆవిడ రాయడానికి లేదు కాబట్టి బేకరీ ఆయనే కలం అందుకుని, అక్షరాలు తలోదిక్కూ పోతుంటే రాయడం మొదలుపెట్టాడు. మొదటి వాక్యంలోనే తారీఖు తప్పు వేశాడు. ఆవిడకి కనబడింది. చెప్పడానికి లేదు. చీర చెంగు వేలికి చుట్టుకుని ఊరుకుంది.

పళ్ళ డాక్టరమ్మ ముందు మాట్లాడింది. అప్పుడు నేనూ సంతకం పెట్టాను, ఆంటీ ఆ రోజుల్లో ఎలా ఉన్నారో చూసి పెట్టాను, ఇప్పుడు ఒప్పుకుంటున్నాను అది తప్పు, అంది. ఇది మన సొంత దొడ్డి కాదు, ఊరి ఆస్తి, మనం కాపలాదారులం. కాపలాదారు జానెడు వాడుకున్నా రేపు ఎవరైనా కోర్టుకి వెళ్ళొచ్చు, వెళ్ళాలి కూడా. ఆ పిల్ల మాటలు వింటుంటే రూల్సమ్మకి తన మాటలే ఎవరో తిరిగి అప్పజెబుతున్నట్టుంది. మెచ్చుకుందామంటే నోరు కట్టేసి ఉంది.

బేకరీ ఆయన ఒప్పుకోలేదు. కలం పక్కన పెట్టి, ఆవిడ ఎదురుగా ఉందని కూడా చూడకుండా ఆవిడ గురించి మాట్లాడాడు. ఇన్నేళ్ళుగా మమ్మల్ని కాల్చుకు తింటోంది నిజమే, మా బావమరిది ఇప్పటికీ నాతో సరిగ్గా మాట్లాడడు ఆవిడ వల్లే, కానీ ఈ తోటలో ఒక్క చోటు కూడా అమ్ముడుపోకుండా ఉందంటే కూడా ఆవిడ వల్లే, ఆ ఒక్కరికి ఒక్క చోటు ఆపితే బండాయన లేచొచ్చి తిడతాడా, అన్నాడు. చివర్లో గొంతు కాస్త జీరపోయింది. వెంటనే ఇంకో బిస్కెట్టు తీసుకున్నాడు. వీడికి నేనంటే ఇంత గౌరవమా అని రూల్సమ్మ ఆశ్చర్యపోయి, బిస్కెట్ల పొట్లం వైపు చూస్తూ కూర్చుంది.

ఇక ప్లీడరుగారి వంతు. కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"చెల్లెమ్మా, నువ్వు ఇప్పుడు మాట్లాడకూడదు కాబట్టే ధైర్యం చేసి చెబుతున్నాను," అన్నాడు. "ఆ బండ మేం పుట్టించింది కాదు. వాడే పుట్టించాడు. ఆసుపత్రిలో నా చెయ్యి పట్టుకుని, తనకి చెప్పకు, నా పక్కన కాస్త చోటు ఆపించు అన్నాడు. బతికినన్నాళ్ళూ చోటంతా నేనే తీసుకున్నాను, అక్కడైనా తనకి చోటుంచాలిరా అన్నాడు. వాడు నన్ను ఏదైనా అడగడం అదే మొదలు. కాదనలేకపోయాను."

గదిలో ఫ్యాను కిర్రుమంటోంది. రూల్సమ్మ నోరు తెరిచింది. బేకరీ ఆయన వేలు చూపించబోయి, ఆవిడ మొహం చూసి, ఆ వేలు దించేసుకున్నాడు. ఆవిడే మళ్ళీ మూసుకుంది. ఆ మాట తక్కువ మనిషి, ఊళ్ళో ఎవరికీ సిఫార్సు చేయనివాడు, పోతూ పోతూ పెళ్ళాం కోసం ఒక్క సిఫార్సు చేశాడు. అదీ పెళ్ళాం ప్రాణం పెట్టుకున్న రూలుకి ఎదురుగా. తిట్టాలో ఏడవాలో తెలియక, ఏ ఒక్కటీ చేయడానికి రూలు ఒప్పుకోక, ఆవిడ కళ్ళల్లో నీళ్ళు వాటి దారిన అవి కారుతుంటే అలాగే కూర్చుంది. కన్నీళ్ళ గురించి రూల్లో ఏమీ రాయలేదు.

కాసేపటికి ప్లీడరుగారే, వాడికిచ్చిన మాట నాది, ఊరికిచ్చిన మాట మనందరిదీ, ఏది పెద్దదో నాకు తెలుసు, కానీ మనసు రావట్లేదు అన్నాడు. పళ్ళ డాక్టరమ్మ కిటికీలోంచి బయటికి చూస్తూ ఉండి ఉండి, మనకి ఒక గుంటలో ఒక్కరే అని ఎక్కడైనా రాసి ఉందా అని అడిగింది. వాళ్ళ పిన్నిగారి ఊళ్ళో భార్యాభర్తలని ఒకే గుంటలో, మొదటివాళ్ళు పోయి కొన్నేళ్ళు గడిచాక, వాళ్ళ మీద రెండోవాళ్ళని పెడతారట.

ప్లీడరుగారు పత్రం తీసి మొదట్నుంచీ చివరిదాకా చదివాడు. గునపం బాబాయిని పిలిచి, అలా తవ్వడం అయ్యే పనేనా అని అడిగాడు. నేల మెత్తనే, అవుతుంది అన్నాడు ఆయన. పత్రంలో ఎక్కడా వద్దని లేదు. ఇన్నాళ్ళూ ఎవరూ అడగలేదు కాబట్టి ఎవరూ చేయలేదు, అంతే.

"సీటు ఆపుకోవద్దన్నాడు గానీ, ఒకే సీట్లో ఇద్దరు సర్దుకుని కూర్చుంటానంటే బండాయన ఏనాడు కాదన్నాడు?" అన్నాడు ప్లీడరుగారు. అనేసి ఆయనే నవ్వాడు.

అయితే ఆ వెసులుబాటు రూల్సమ్మ ఒక్కదానికే అయితే మళ్ళీ తువ్వాలే అవుతుందని పళ్ళ డాక్టరమ్మ పట్టుబట్టింది. కాబట్టి రూలు ఊరందరికీ అని రాసుకున్నారు. భార్యగానీ భర్తగానీ, అమ్మగానీ బిడ్డగానీ, తమవాళ్ళ చోటులోనే తమనీ ఉంచమని ఎవరు కోరినా, తగినంత కాలం గడిచాక ఉంచాలి. బండ రద్దు. దాని చోటు వరస ప్రకారం లాండ్రీ మామ్మది. మూడు చేతులు లేచాయి. నాలుగో జత చేతులు బల్ల కింద చెంగుని నలుపుతూ ఉన్నాయి.

కార్యదర్శిగారు మీటింగు మొత్తం మౌనంగా కూర్చున్నారని బేకరీ ఆయన ప్రత్యేకంగా ఒక వాక్యం రాసి, దాని కింద రెండు గీతలు గీశాడు. మీటింగు ముగిసిందని ప్లీడరుగారు అనగానే రూల్సమ్మ నోట వచ్చిన మొదటి మాట, తారీఖు తప్పు, దిద్దండి, అని. అప్పుడే చెప్పొచ్చుగా అన్నాడు బేకరీ ఆయన. అందరూ నవ్వారు. ఆవిడ కూడా నవ్వి, ముక్కు తుడుచుకుంది. ఆ తర్వాత ప్లీడరుగారి వైపు తిరిగి, మీ సంగతి నేను తర్వాత చూస్తాను అన్నయ్యా అని, ఆయన చెయ్యి ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలింది.

లాండ్రీ ఆయనకి కబురు తనే వెళ్ళి చెప్పింది. ఎందుకు దొరికిందీ ఎలా దొరికిందీ ఏమీ చెప్పలేదు, వరసలో మీ అమ్మగారి చోటు వచ్చింది, అంతే అంది. ఆయన ఇస్త్రీ బల్ల మీద రెండు చేతులూ ఆనించి తల వంచుకున్నాడు. కాసేపటికి తేరుకుని, ఎక్కడమ్మా అని అడిగాడు. కుళాయి పక్కన, మా ఆయన పక్కన, అని చెబితే ఆయన మొహంలో ఏడుపులోంచే నవ్వొచ్చింది. అయితే అమ్మకి బెంగ లేదు, వినేవాళ్ళున్నారు అన్నాడు.

సాయంత్రం ఎండ ఇంకా ఉండగానే పని జరిగిపోయింది. మామ్మ మాటలు విని విసిగిపోయినవాళ్ళందరూ వచ్చారు, అంటే ఊరు ఊరంతా వచ్చింది. గునపం బాబాయి తవ్వుతున్నంత సేపూ రూల్సమ్మ దగ్గరే నిలబడి చూసింది. మెత్తటి, నల్లటి, మంచి మట్టి. ఒక్కో పార మట్టి పైకొస్తుంటే మనసులో ఎక్కడో కలుక్కుమంది, కాదనడం ఎందుకు. కానీ ఇన్నాళ్ళూ తెలియకుండా ఒక దొంగసొత్తు మీద కుర్చీ వేసుకుని కూర్చున్నానే అన్న బరువు కూడా ఆ మట్టితో పాటే లేచిపోయింది. మట్టి కప్పాక తనూ ఒక గుప్పెడు వేసి, మామ్మకి మాత్రమే వినబడేలా, ఆయనతో ఎన్ని కబుర్లైనా చెప్పుకోండి, నేనొచ్చాక మాత్రం కాస్త ఊపిరి తీసుకోనివ్వండి అంది.

జనం వెళ్ళిపోయారు. లాండ్రీ ఆయన రేపు పొద్దున్నే వస్తానని వాళ్ళమ్మకి చెప్పి వెళ్ళాడు. రూల్సమ్మ అలవాటు కొద్దీ మడతకుర్చీ తెచ్చి, వేసుకోవడానికి వెళ్ళి, ఆ చోటు ఇక తనది కాదని గుర్తొచ్చి ఆగిపోయింది. కాసేపు కుర్చీ చేత్తో పట్టుకునే నిలబడింది. తర్వాత ఆయన కాళ్ళ దగ్గర, దారి అంచున వేసుకుంది. అక్కడ్నుంచి ఆయన మొత్తం కనబడుతున్నాడు, తలదగ్గర్నుంచి కాళ్ళదాకా, ఎప్పటిలాగే చోటంతా పరుచుకుని. ఇన్నాళ్ళూ పక్కన కూర్చోవడం వల్ల ఆ సంగతి సరిగ్గా చూడనే లేదు.

"నాకు చెప్పకుండా తువ్వాలు వేశారా?" అంది.

జవాబు లేదు. ఎప్పుడిచ్చాడు గనక.

ఆవిడకి కోపం రాలేదు. తెచ్చుకుందామన్నా రాలేదు. అంత మంచి రూలు ఆయన పెళ్ళాం కోసం తప్పాడు, అంత గట్టి రూలుతో తను దాన్ని సరిదిద్దింది, ఇద్దరి మాటా నెగ్గింది. కాపురంలో ఇలా ఎన్నిసార్లు జరిగింది కనక. లేచి, కుర్చీ మడిచి, గొడుగు చంకలో పెట్టుకుంది. వంగి, సమాధి మీద పొద్దున పీకకుండా వదిలేసిన కలుపు మొక్క ఒకటి పీకి పారేసి, ఆ మట్టిని అరచేత్తో రెండుసార్లు తట్టింది.

"తొందరేం లేదు. నాకింకా చాలా పనులున్నాయి, ఆ గోడ అవతలి భూమి కాగితం కూడా రాలేదు. వచ్చేటప్పుడు వస్తాను. అప్పుడు మాత్రం కాస్త జరగండి."